పావురాల మామ నిద్ర

ఈ ఉదయం చెన్నైలో మా మైలాపూరు ఫ్లాటు బాల్కనీలోకి ఒక పావురం వచ్చింది. మా అపార్టుమెంటు సంఘం పావురాల మీద యుద్ధం ప్రకటించి చాలా కాలమైంది. ప్రతి బాల్కనీకీ వల కట్టించారు. ఇది మాత్రం వల మూల ఊడిన సందులోంచి దూరి, తులసి కుండీ అంచు మీద కూర్చుని, అద్దెకు ఇల్లు చూడవచ్చినట్టు అటూ ఇటూ పరికించింది. కాలికి రింగు ఉంది. అంటే వీధి పావురం కాదు, పందెం పావురం. ఎవరి మిద్దెకో చేరాల్సింది దారి తప్పిందన్నమాట.

గిన్నెలో నీళ్లు పెట్టాను. తర్వాత నాకు తెలియకుండానే వంటింట్లోకి వెళ్లి, పెసల డబ్బా తెచ్చి గలగలలాడించాను. మావారు పేపరు కిందికి దించి, "మీ మామ పూనాడా?" అన్నారు.

చూలైలో ఉన్న అత్తకు ఫోన్ చేశాను. "అత్తా, రింగు పావురం ఒకటి మా ఇంట్లో..." అని పూర్తి చేయనేలేదు, "నల్లదా?" అంది. కాదు, బూడిదరంగుదన్నాను. "అయితే గింజలేసి పంపించెయ్. దాని ఇంటోళ్లు మిద్దెమీద ఎండలో కాసుకోనుంటారు, పాపం," అని పెట్టేసింది. ఒకప్పుడు పావురమనే మాట వింటేనే చీపురు వెతుక్కున్న మనిషి ఆవిడ. ఆవిడ ఇలా మారడానికి కారణం మా మామ.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. చూలైలో ఇరుకు సందులో లేత్ మిషను షెడ్డు, దాని మీద కాపురం, కాపురం మీద మిద్దె, మిద్దె మీద పావురాల గూడు. ఈ నాలుగు అంతస్తుల్లో ఏది ముఖ్యమో తెలుసుకోవాలంటే అడగక్కర్లేదు, గూటికి ఫ్యాను ఉండేది, కాపురానికి ఉండేది కాదు. ఎవరైనా వేలెత్తి చూపితే, "మనుషులకేం, విసనకర్ర పట్టుకునేదానికి చేతులున్నాయి గదా. దానికి యాడున్నాయి?" అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. అయితే ఆ మూడు కాళ్ల కుందేలును మీ చేత ముద్దు చేయించే దాకా వదిలేవాడు కాదు.

వాళ్ల పూర్వీకులు నెల్లూరు వైపు నుంచి ఎప్పుడు వచ్చారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మామ మాత్రం జన్మలో చెన్నై దాటలేదు. ఉత్తరాన ఎన్నూరు దాకా వెళ్లి, "ఆడ గాలి బాగలేదు పా," అని వెనక్కి వచ్చేశాడు. ఆయన పావురాలు మాత్రం నెల్లూరు, ఒంగోలు, బెజవాడ అన్నీ చూశాయి. పందెం ముందురోజు వాళ్ల క్లబ్బువాళ్లు బుట్టల్లో పెట్టి లారీలో తీసుకెళ్లి, తెల్లారగానే అక్కడ వదిలేసేవాళ్లు. అవి చూలై మిద్దెకు ఎగిరి రావాలి. "నా తాత ఊరు నేను చూళ్లేదు గానీ, నా పురాలు చూసొచ్చినాయి. ఒకటి చూసొస్తే ఇంట్లో అందరూ చూసినట్టే," అనేవాడు. పావురాన్ని పురా అనడం ఆయన అలవాటు.

పందెం రోజు మధ్యాహ్నం ఆయన్ని చూడాలి. మిద్దె మీద స్టూలు, నెత్తిన తడి తువ్వాలు, చేతిలో పాత పాలపిండి డబ్బాలో గుప్పెడు జొన్నలు. ఉత్తరపు ఆకాశంలో చుక్క కనబడగానే డబ్బాను గలగలలాడించేవాడు. ఎంత దూరం ఎగిరినా, ఎంత అలిసినా, ఆ చప్పుడు వింటే పిట్ట రెక్కలు ముడుచుకుని తిన్నగా గూట్లోకి దిగిపోయేది. ఎక్కడున్నా సరే, ఏ పెళ్లి పందిట్లో ఉన్నా సరే, ఇంటికి ఫోన్ చేసి ఆయన అడిగే మొదటి మాట ఒకటే: "ఎన్ని వచ్చినాయి?"

అత్త జవాబు కూడా ఒకటే. "నేనేమన్నా లెక్కపెట్టేదానికి కాపురానికొచ్చినానా?"

వైద్యం విషయంలోనూ మామది సొంత దారి. జబ్బు చేసిన పిట్టకు మాత్రను నానబెట్టిన శనగగింజలో కుక్కి, ముక్కు తెరిచి, గొంతు నిమిరి మింగించేవాడు. అత్తకు పిట్టలంటే గిట్టకపోయినా ఈ విద్య మాత్రం వచ్చేసింది. ఆయన లేనప్పుడు ఆవిడే మింగించాలి మరి. తన ఒంటికి కూడా ఆయన అదే పద్ధతి. గూటి దుమ్ముకు ఆయాసం వస్తే మందుల షాపులో తనే అడిగి స్టిరాయిడ్ మాత్రలు కొనుక్కునేవాడు. నిద్ర పట్టకపోతే నిద్రమాత్ర. "డాక్టరుకాడికి పోతే నా గురించి అడగతాడు. షాపోడైతే ఏం మాత్ర అని మాత్రమే అడగతాడు. యాడ సుఖం?" అనేవాడు.

చాలా ఏళ్ల కిందట ఒక వేసవిలో మామకు తలనొప్పి మొదలైంది. తలనొప్పి మాత్రలు మింగుతూ మిద్దె మీదే కూర్చునేవాడు. అప్పుడే బెజవాడ పందెంలో ఆయన ముద్దుల పిట్ట తిరిగి రాలేదు. ఒళ్లంతా నలుపు, మెడ దగ్గర మాత్రం నెమలిరంగు. పేరు నల్లమ్మ. దానికోసం వాంతులవుతున్నా కిందికి దిగకుండా కాచుకున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం మిద్దె మీది నుంచి సంబరంగా కేకేశాడు: "ఏమే, ఒకదాన్ని పంపిస్తే రెండొచ్చినాయి! ఆడ యాడనో జోడీని పట్టుకోనొచ్చినట్టుంది!"

అత్త పైకెళ్లి చూసింది. ఒక్కటే ఉంది, అదీ నల్లమ్మ కాదు, గూటి పిట్టే. ఆ మాట చెప్పి, వేలెత్తి, "ఇవెన్ని?" అని అడిగింది. రెండన్నాడు. చూపించింది ఒక వేలే. అత్త ఆయన చొక్కా పట్టుకుని కిందికి దింపి, ఆటో పిలిచింది. ఆ రోజు ఆవిడ తెగించకపోతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఆసుపత్రిలో వెన్నులో సూది గుచ్చి నీరు తీసి చూశారు. మెదడు పొరలకు ఫంగస్ పట్టిందన్నారు. పావురాల రెట్టల్లో ఉండే ఫంగసే. ఎండిన రెట్ట గోకినప్పుడు దుమ్ముతో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒంట్లో బలమున్నవాళ్లను సాధారణంగా ఏమీ చేయదు. ఏళ్ల తరబడి మింగిన స్టిరాయిడ్ మాత్రలు మామ ఒంట్లో ఆ బలం లేకుండా చేశాయి. తలలో ఒత్తిడి పెరగడం వల్ల కళ్లకు ఒకటి రెండుగా కనబడుతోంది.

వార్డు డాక్టరమ్మ బెజవాడ పిల్ల. ఉద్యోగానికి చెన్నై వచ్చి ఎంతో కాలం కాలేదు. అంత తలనొప్పిలోనూ ఆ సంగతి చెవిన పడగానే మామ కళ్లు తెరిచాడు.

"బెజవాడ నుంచి ఎట్టా వచ్చినావమ్మా?"

"రైల్లో అండి బాబాయ్ గారూ. రాత్రి ఎక్కితే పొద్దున దిగాను."

"అట్టనా? నా పురా పొద్దున బయల్దేరితే మజ్జిగన్నం టయానికి దిగతాది. టికెట్టు కూడా లేదు." డాక్టరమ్మ నవ్వేసింది. ఆ నవ్వుతోనే ఆవిడ మా ఇంటి మనిషి అయిపోయింది.

రోజూ ఒక మందు గంటల తరబడి సెలైన్‌లో ఎక్కేది. దానితో మంచం ఊగిపోయేంత చలి. ఫంగస్‌కే మాత్ర ఇంకొకటి. నీరు తీసి తలలో ఒత్తిడి తగ్గించడానికి మాటిమాటికీ వెన్నులో సూది. జబ్బు మత్తులో మామకు తానెక్కడున్నాడో తెలిసేది కాదు. సెలైన్ గొట్టం పీకేసేవాడు. "గూడు తలుపు తియ్యండ్రా! చీకటి పడతా ఉంది, పిట్టలు బయటే ఉండాయి!" అని మిట్టమధ్యాహ్నం వార్డంతా దద్దరిల్లేలా అరిచేవాడు. పక్క మంచం ముసలాయన చేతులెత్తి మొక్కి, ఎవరైనా వెళ్లి ఆ తలుపేదో తెరిచి రమ్మని బతిమాలుకున్నాడు.

అత్త డాక్టరమ్మ వెంట పడింది. "నిద్రకి ఒక ఇంజక్షను ఇచ్చేయమ్మా తల్లీ. ఆయనకీ సుఖం, మాకూ సుఖం."

డాక్టరమ్మ అత్త పక్కనే బెంచీ మీద కూర్చుంది. "పిన్ని గారూ, ఆయన అరుస్తున్నారంటే నాకు ఒకరకంగా ధైర్యమండి. మామూలుగా నిద్రపోయిన మనిషి లేపితే లేస్తాడు. తలలో ఒత్తిడి పెరిగి మగతలో పడ్డ మనిషి లేవడు. నిద్రమందు ఇచ్చానంటే ఆ రెండూ నాకు ఒకేలా కనబడతాయి. ప్రమాదం వచ్చినా పట్టుకోలేను. పైగా ఈ ఫంగస్ మాత్రతో కలిస్తే కొన్ని నిద్రమందులు ఒంట్లోంచి తొందరగా పోవు. అసలే ఇవ్వనని కాదు. సూది వేసేటప్పుడు కదలకుండా ఉండాలంటే కొంచెం ఇస్తాను, అది కూడా ఊపిరి చూసుకుంటూ, పక్కనే నిలబడి."

అత్త అంతా విని తలూపింది. అత్త తలూపిందంటే ఒప్పుకుందని అనుకోకూడదని మా ఇంట్లో అందరికీ తెలుసు. డాక్టరమ్మకు ఎలా తెలుస్తుంది?

మర్నాడు నేను వెళ్లేసరికి వార్డు ప్రశాంతంగా ఉంది. మామ గోడవైపు తిరిగి హాయిగా గుర్రు పెడుతున్నాడు. సెలైన్ బుద్ధిగా ఎక్కుతోంది. పక్క మంచం ముసలాయన కూడా గుర్రు పెడుతున్నాడు. అత్త ముఖం చాలా రోజులకు తేటగా ఉంది. "చూడు, ఎంత బంగారంగా పడుకున్నాడో," అంది.

డాక్టరమ్మ నవ్వుతూనే వచ్చింది. "ఏం బాబాయ్ గారూ, బెజవాడ నుంచి ఎవరైనా దిగారా?" అంది. జవాబు లేదు. భుజం తట్టింది. కుదిపింది. కనుబొమ మీద బొటనవేలితో గట్టిగా నొక్కింది. మామ చిన్నగా మూలిగి మళ్లీ గుర్రులో పడ్డాడు. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. టార్చి వేసి కళ్లు చూసింది. నర్సును పిలిచి స్కానుకు చెప్పమంది, ఆక్సిజన్ పెట్టమంది, సూది సామాను తెమ్మంది. అంతా ఒక్క ఊపిరిలో. మామ మా చేతుల్లోంచి వెళ్లిపోతున్నాడని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

స్ట్రెచర్ వచ్చింది. అప్పుడు అత్త డాక్టరమ్మ తెల్లకోటు కొస పట్టుకుంది.

"అమ్మా... నేనే ఇచ్చినా."

"ఏమిచ్చారు?"

"ఇంటికాడ ఆయన యేసుకునే నిద్రమాత్ర. పెరుగన్నం ముద్దలో పెట్టి... గొంతు నిమిరితే మింగేసినాడు."

నర్సు నోరు తెరిచి చూసింది. నాకైతే భూమి విచ్చుకుంటే బాగుండుననిపించింది. డాక్టరమ్మ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తిడుతుందనుకున్నాను. "ఎన్ని ఇచ్చారు? ఎప్పుడు? ఆ మాత్రల అట్ట ఉందా?" అని మాత్రం అడిగింది. అత్త కొంగుముడి విప్పి అట్ట తీసి ఇచ్చింది. నిన్న సాయంత్రం ఒకటి, పొద్దున ఇంకొకటి.

"ఇప్పుడైనా చెప్పారు, మంచి పని చేశారు," అంది డాక్టరమ్మ. "కానీ మాత్ర వల్లే పడుకున్నారని నేను నమ్మి కూర్చోలేనండి. ఒత్తిడి కూడా పెరిగి ఉండొచ్చు. అన్నీ చూడాల్సిందే."

అన్నీ చూశారు. స్కానులో కొత్తగా ఏమీ లేదు. సూది వేసి కొలిస్తే ఒత్తిడి ముందుకన్నా పెరగలేదు. ఇక మాత్ర మత్తు దిగేదాకా ఊపిరిని కనిపెట్టుకుని ఉండటమే. అయినా ఆయన కళ్లు తెరిచేదాకా ఏదీ ఖాయంగా చెప్పలేనంది డాక్టరమ్మ.

అత్త మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. ఏడవలేదు. చాలాసేపటికి నావైపు తిరిగి, "మిద్దెమీద ఆ డబ్బా ఉంటాది, పోయి తీసుకోనిరా," అంది. ఆ డబ్బా చప్పుడుకు తన చెవులు చిల్లులు పడ్డాయని పెళ్లైనప్పటి నుంచీ గొడవపడుతున్న మనిషి ఆవిడ. నేను ఆటోలో చూలై వెళ్లి, మాస్కు కట్టుకుని, గూటి గట్టు మీదున్న డబ్బా తుడిచి తెచ్చాను.

అత్త మామ చెవి దగ్గర డబ్బా ఆడించింది. ఏమీ కాలేదు. మళ్లీ ఆడించింది. నర్సు వచ్చి ఇది ఆసుపత్రి అని గుర్తుచేసింది. అత్త, "గమ్మునుండు సిస్టరూ, నీకు దండం పెడతా," అని మళ్లీ ఆడించింది. కాస్త ఆగడం, ఆడించడం, ఆగడం, ఆడించడం. ఆవిడకు ఆ లయ వచ్చునని నాకు అంతవరకు తెలియదు. ఎండ కిటికీలోంచి జరిగి గోడ మీదికెక్కింది. అప్పుడు మామ రెప్పలు కదిలాయి. పెదాలు తడుపుకున్నాడు.

"ఎన్ని... వచ్చినాయి?"

అత్త డబ్బా ఒళ్లో పెట్టుకుంది. "అన్నీ వచ్చినాయయ్యా. అన్నీ."

మామ నుదురు ముడిపడింది. కష్టపడి ఒక కన్ను తెరిచాడు. "ఎట్టా? నల్లమ్మ రాలేదు గదా. అబద్ధాలు చెప్పబాక."

డాక్టరమ్మ గట్టిగా నవ్వేసింది. ఆవిడ కళ్లు చెమర్చి ఉండటం నేను చూశాను. "ఇంతకన్నా మంచి రిపోర్టు నాకు ఏ మిషనూ ఇవ్వదండి," అంది. అత్త మాత్రం, "ప్రాణం లేచొచ్చిందో లేదో, తప్పు పట్టేదానికి తయారు," అని కొంగుతో ముఖం కప్పుకుని, అప్పుడు ఏడ్చింది.

ఆ తర్వాత డబ్బా మంచం తల దగ్గరే ఉండిపోయింది. మామ గొట్టాల మీదికి చెయ్యి పోనిస్తే అత్త ఆడించేది. ఆయన గూడు చేరిన పిట్టలా ఒదిగిపోయేవాడు. పక్క మంచం ముసలాయన మాత్రం, అయ్యవారి అరుపులే నయం, కనీసం మధ్యమధ్య ఆగేవని ఫిర్యాదు చేశాడు. డాక్టరమ్మ రోజూ వచ్చి, పేరు, తేదీ అడగడం మానేసి, "బాబాయ్ గారూ, ఎన్ని వచ్చాయి?" అనేది. ఆయన నల్లమ్మను తీసేసి లెక్క చెప్పేవాడు. లెక్క తప్పిన రోజు సూది, సరిగ్గా చెప్పిన రోజు ఇడ్లీ అని తనే ఒక నియమం పెట్టుకున్నాడు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ షరతు పెట్టింది: పావురాలు ఉండకూడదు. మామ బేరానికి దిగాడు. చూలై సంతలో పుట్టి పెరిగిన మనిషితో బెజవాడ పిల్ల ఎంతసేపని బేరమాడుతుంది? చివరికి పిట్టల్ని క్లబ్బు స్నేహితుడికి ఇచ్చేయాలి, గూడు విప్పి తడిపి కడిగించాలి, మందులన్నీ అయి పరీక్షలన్నీ బాగున్నాక ఏవైనా నాలుగు ఎదురింటి మిద్దె మీద పెట్టుకుంటే ఈ మిద్దె నుంచి చూడొచ్చు, చెయ్యి మాత్రం వెయ్యకూడదు అన్న దగ్గర తెగింది. మరి వాటిని ఎవరు చూస్తారని డాక్టరమ్మ అడిగింది. మామ అత్తవైపు చూశాడు. అత్త ఆకాశంవైపు చూసింది.

అలా అత్త పావురాల మనిషైంది. మాస్కు, చేతి తొడుగులు, ఎండిన రెట్ట మీద నీళ్లు చల్లందే చీపురు తాకించదు. ఇవతలి మిద్దె మీద మామ కుర్చీ వేసుకుని పెత్తనం చేసేవాడు. "మెల్లిగా, మెల్లిగా! డబ్బా అట్టా కాదు, మణికట్టు తిప్పు!" "నువ్వు గమ్మున కూసో. నీకు వినబడ్డ చప్పుడు వాటికి వినబడదా?" అని అత్త. ఆ మాటతో ఆయన నోరు మూతపడేది. ఇంట్లో ఆయన నోరు మూయించగలిగిన మాట అదొక్కటే.

చాలా ఏళ్లు అలాగే గడిచాయి. ఆయాసానికి పీల్చే మందు వాడాడు, డాక్టరమ్మ రాసిచ్చిందే. నిద్రమాత్ర మళ్లీ ముట్టలేదు. పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం, మజ్జిగన్నం తిని మిద్దె మీద నీడలో కుర్చీలో కునుకు తీశాడు. అంతే, ఇక లేవలేదు. వీధి చివర క్లినిక్కు డాక్టరు వచ్చి నాడి చూస్తుంటే, అత్త ఆయన అడక్కుండానే, "ఒట్టు డాక్టరు, మాత్ర ఏమీ ఇయ్యలేదు," అంది. ఆ దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. మామ ఉంటే ఆ మాటను నెల రోజులు వాడుకునేవాడు.

డాక్టరు తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. అత్త లేచి ఎదురు మిద్దెకు పోయి డబ్బా తెచ్చింది. ఆయన చెవి దగ్గర వంగి, మణికట్టు తిప్పి, ఆయన చెప్పినట్టే ఆడించింది. ఆగింది. మళ్లీ ఆడించింది. ఆకాశంలో తిరుగుతున్న పిట్టలు చప్పుడు విని ఒక్కొక్కటే దిగి, ఎప్పుడూ వాలని ఇవతలి మిద్దె పిట్టగోడ మీద వరుసగా వాలాయి.

అత్త వాటివైపు ఒకసారి చూసి, మామ నెత్తిన తువ్వాలు సర్దింది.

"అన్నీ వచ్చినాయయ్యా," అంది. "నల్లమ్మ కూడా వచ్చింది. ఇంక పడుకో."

ఆయన కాదనలేదు.